రసీదు లేని రూపాయి కట్టకు

హనుమకొండ

చిరంజీవి కిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

ఇంజనీరింగులో సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్న రచ్చ మీ ఇంట్లో ఇప్పటికే కావలసినంత అయ్యి ఉంటుంది, అందులో నేను వేలు పెట్టను. ప్రైవేటు కాలేజీ మీద సర్కారు పెత్తనం ఎక్కడెక్కడ ఉంటుందో, అది నీకు పనికిరావాలంటే నీ చేతిలో ఏం ఉండాలో మాత్రం రాస్తున్నాను. పొడుగు ఉత్తరమే, కానీ కాలేజీలో చేరడానికి రిపోర్టింగుకు వెళ్ళేలోపు ఒకసారి, ఫైనలియర్‌లో ఒకసారి చదువు.

కాలేజీకి పైన ఉన్నవాడు ఒక్కడు కాదు. ఏ కోర్సు నడపాలి, అందులో ఎన్ని సీట్లు అన్నది కేంద్ర సాంకేతిక విద్యా మండలి, అంటే ఏఐసీటీఈ, చూస్తుంది, 1987 నాటి చట్టం దానికి ఆ అధికారం ఇచ్చింది. అఫిలియేషన్ (కాలేజీని తన కింద చేర్చుకోవడం), పరీక్షలు, హాజరు, డిగ్రీ యూనివర్సిటీ చేతిలో ఉంటాయి. ఫీజు ఎంత అన్నది తెలంగాణలో రిటైర్డు హైకోర్టు జడ్జి అధ్యక్షతన ఉండే ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ తేలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పనికి 2019 చట్టంతో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ వచ్చింది. పిల్లల ఫీజు సర్కారు కట్టే రీయింబర్స్‌మెంట్ సంక్షేమ శాఖలది. ఫీజు గొడవ పట్టుకుని యూనివర్సిటీకి పోతే కాగితం తీసుకుంటారు, పక్కన పడేస్తారు, ఎందుకంటే అది వాళ్ళ పని కాదు. పిల్లలు సగం మంది ఓడేది ఇక్కడే. ఫిర్యాదులో తప్పుండదు, తప్పు గుమ్మం ఎక్కుతారు.

చేరే ముందు రెండు కాగితాలు చూడు. ఒకటి, ఈ ఏడాదికి ఏఐసీటీఈ ఇచ్చిన అనుమతి పొడిగింపు లేఖ. ఇది సాధారణంగా ఏటా వస్తుంది, కాలేజీ వెబ్‌సైటులో ఉండాలి. నీ బ్రాంచి పేరు అక్షరాలా అందులో ఉందో లేదో, పక్కన ఎన్ని సీట్లు రాసి ఉన్నాయో చూడు. పోయినేటి లేఖ చూపించి 'ఇదీ అంతేనండీ' అంటే ఒప్పుకోకు. రెండోది యూనివర్సిటీ అఫిలియేషన్ పత్రం, అందులోని సీట్ల సంఖ్యతో దీన్ని పోల్చు. ఏఐసీటీఈ 180 ఇచ్చి యూనివర్సిటీ 120కే అఫిలియేషన్ ఇస్తే ఆ మిగతా 60 సీట్లలో చేరినవాడి గతి గాలిలో ఉన్నట్టే.

'త్వరలో యూనివర్సిటీ కాబోతున్నాం' అనే మాట వినపడితే మరింత జాగ్రత్త. 2022లో తెలంగాణ అసెంబ్లీ ఆమోదించిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల సవరణ బిల్లు గవర్నర్ దగ్గర ఆగి ఉండగానే కొందరు యూనివర్సిటీ బోర్డు పెట్టి పిల్లల్ని చేర్చుకున్నారు, తర్వాత తల్లిదండ్రులు గేటు ముందు ధర్నాలు చెయ్యాల్సి వచ్చింది. బిల్లు చట్టం కాదు, గెజిట్‌లో పడేదాకా అది కాగితమే. ఇంకో రాష్ట్రపు ప్రైవేటు యూనివర్సిటీ పేరుతో మన ఊళ్ళో సెంటర్ నడుపుతుంటే అటువైపే పోకు. రాష్ట్ర చట్టంతో పుట్టిన యూనివర్సిటీ ఆ రాష్ట్రం దాటి అలా సెంటర్లు నడపడానికి లేదు, 2005లో ఛత్తీస్‌గఢ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది.

ఇక ఫీజు. కమిటీ మూడేళ్ళ బ్లాకుకు ఒకసారి కాలేజీల ఆడిట్ లెక్కలు తెప్పించుకుని, యాజమాన్యాన్ని పిలిచి విని, ఒక్కో కాలేజీకి ఒక్కో రేటు తేలుస్తుంది. ప్రభుత్వం దాన్ని జీవోగా ఇస్తుంది. ఆ జీవోలో నీ కాలేజీ వరుస వెతుక్కో, కింద రాసిన షరతులు కూడా చదువు, ఎందుకంటే విడిగా ఏం వసూలు చెయ్యొచ్చో, ఏం చెయ్యకూడదో తెలిసేది అక్కడే. కాలేజీ కౌంటర్ దగ్గర మాత్రం ట్యూషన్ ఫీజు పక్కన ల్యాబ్, లైబ్రరీ, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, 'డెవలప్‌మెంట్' అని నాలుగు వరుసలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ జీవోలో ఉందా అని అడుగు. లేనిదాన్ని ఇష్టముంటేనే కట్టాలి.

ఒక చిట్కా చెబుతాను. ఫీజు వివరాలు రాసివ్వమంటే కాలేజీ ఆఫీసు చూసే ఏవో గారు తప్పించుకుంటారు. 'బ్యాంకులో ఎడ్యుకేషన్ లోను పెడుతున్నామండీ, నాలుగేళ్ళ ఫీజు స్ట్రక్చర్ లెటర్‌హెడ్ మీద కావాలి' అను, మర్నాటికి సంతకం, స్టాంపుతో చేతికొస్తుంది. లోను తీసుకున్నా తీసుకోకపోయినా ఆ కాగితం నీ దగ్గర ఉండాలి. రేపు కొత్త ఫీజు పుట్టుకొస్తే చూపించడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

డబ్బు కట్టేటప్పుడు కాలేజీ పేరు మీద ఉన్న ఖాతాకే కట్టు. సొసైటీకనో, ట్రస్టుకనో, మరెవరి యూపీఐకో పంపమంటే అక్కడే ఆగు. నగదు ఇస్తే రసీదు, అందులో 'ట్యూషన్ ఫీజు' అన్న మాట, విద్యాసంవత్సరం రెండూ ఉండాలి. 'చిట్టీ రాసిస్తాం' అంటే కట్టకు. ఒకేసారి రెండేళ్ళ ఫీజు అడగకూడదు, ఏడాదికో సెమిస్టరుకో మాత్రమే తీసుకోవాలని 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 'ఫీజు పెరిగితే తేడా కడతాను' అని అండర్‌టేకింగ్ అడుగుతారు, దాన్ని మొత్తంగా కాదనలేకపోవచ్చు. 'ప్రభుత్వం జీవో ద్వారా ఖరారు చేసిన మేరకు' అన్న నాలుగు ముక్కలు నీ చేత్తో చేర్చి సంతకం పెట్టు, ఫోటో తీసుకో.

నీ స్నేహితుడు బి కేటగిరీలో, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో, చేరుతున్నాడని విన్నాను. డొనేషన్ తీసుకోవడం 1983 నాటి చట్టం ప్రకారమే నేరం, ఆ చట్టం ఇప్పటికీ ఉంది. అయినా ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు, తీసుకునేవాళ్ళు తీసుకుంటూనే ఉన్నారు. అలా ఇచ్చిన డబ్బుకు రసీదు ఉండదు, సీటు రద్దయితే ఏ కమిటీ అయినా రసీదున్న మొత్తం వరకే ఇప్పించగలదు. మేనేజ్‌మెంట్ కోటాకు, మిగిలిన సీట్లలో ఆఖర్న నేరుగా చేరే స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ రాదని కూడా అతనికి చెప్పు. కొందరు పీఆర్వోలు 'వచ్చేలా చేస్తాం' అంటారు, అది వాళ్ళ చేతిలో లేదు.

ఒరిజినల్స్ సంగతి కాస్త ఓపిగ్గా చదువు, నాలుగో ఏట పిల్లల్ని ఏడిపించేది ఇదే. చేరేటప్పుడు కాలేజీ ఒరిజినల్స్ చూసి, సరిపోల్చుకుని, అక్కడికక్కడే తిరిగివ్వాలి, నువ్వు సంతకం పెట్టిన జిరాక్సులు ఉంచుకోవాలి. యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ఇదే చెబుతుంది. టీసీ ఒక్కటే వాళ్ళ దగ్గర ఉండాల్సింది. నిజానికి జరిగేది వేరు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్ అన్నీ కవరులో పెట్టి లోపల దాస్తారు. అంతా ఇచ్చేస్తున్నారు, నువ్వొక్కడివే కాదంటే సీటు ఆపుతారేమోనని భయం వేస్తుంది, సహజమే. కనీసం ఇంతైనా చెయ్యి: ఏయే సర్టిఫికెట్ ఇస్తున్నావో, ఒక్కోదాని నంబరుతో సహా రెండు కాపీలు రాసి, ఒక కాపీ మీద 'అందినవి' అని సంతకం, స్టాంపు వేయించుకో. అన్నిటినీ ముందే రంగుల్లో స్కాన్ చేసుకో, సర్కారు పత్రాలు ఆన్‌లైన్‌లో దాచే డిజీలాకర్‌లో దొరికే మెమోలు అక్కడి నుంచి కూడా దించుకో. చట్టరీత్యా డిజీలాకర్ మెమోకు ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది, ఉద్యోగం ఇంటర్వ్యూకు చాలాసార్లు అది సరిపోతుంది.

నాలుగో ఏట 'ప్రభుత్వం నుంచి మీ రీయింబర్స్‌మెంట్ రాలేదు, ముందు నువ్వు కట్టు, తర్వాత సర్టిఫికెట్లు' అంటారు. కాలేజీల బాధ అబద్ధం కాదు. బకాయిల మీదే 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. కానీ సర్కారు పడ్డ బాకీకి నీ మెమో తాకట్టు కాదు. విద్యార్హత పత్రం అమ్ముకునే సరుకు కాదనీ, కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ కింద బాకీకి దాన్ని పట్టి ఉంచే హక్కు ఎవరికీ లేదనీ మద్రాసు హైకోర్టు 2022లో స్పష్టంగా అంది. ఆ మాట గుర్తుపెట్టుకో. ఇంటి పరిస్థితిని బట్టి కట్టక తప్పదనుకుంటే రసీదు మీద 'రీయింబర్స్‌మెంట్ జమ అయిన వెంటనే తిరిగి చెల్లించవలసినది' అని రాయించి, నీ ఖాతా నంబరు రాసివ్వు. రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు పెట్టే ఈ-పాస్ వెబ్‌సైటులో స్టేటస్ పేజీ ప్రతి ఏడాది ప్రింటు తీసి దాచు. మంజూరైందో, టోకెన్ పడి ట్రెజరీలో ఆగిందో, అసలు కాలేజీ లాగిన్‌లోనే పెండింగులో ఉందో అక్కడే తెలుస్తుంది. మూడోదైతే ఆలస్యం సర్కారుది కాదు, కాలేజీ గుమాస్తాది.

ఇంకో సంగతి, తెలంగాణలో బీసీ, ఈబీసీ (ఓసీల్లో పేద) పిల్లలకు ఎంట్రన్సు ర్యాంకు పదివేలు దాటితే రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000 వరకే వస్తుంది. జీవోలో ఫీజు లక్ష ఉంటే మిగతా 65,000 మీ నాన్నదే. 'మొత్తం ఫ్రీ' అన్న కరపత్రాన్ని నమ్మి చేరినవాళ్ళు రెండో ఏట సతమతమవుతున్నారు.

మానేయాలనుకుంటే తేదీ చూసుకో. కౌన్సెలింగ్‌లో వచ్చిన కన్వీనర్ సీటైతే కౌన్సెలింగ్ వెబ్‌సైటులో గడువులోపు నువ్వే రద్దు చేసుకోవాలి. ఏఐసీటీఈ క్యాలెండర్‌లో రద్దు చేసుకునే ఆఖరి తేదీ ఉంటుంది, అప్పటిదాకా వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకూడదు. యూజీసీ 2018 లెక్క వేరుగా ఉంది, అది ఇది: చేరికల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకుముందు చెబితే మొత్తం వెనక్కి, 15 రోజుల్లోపలైతే 90 శాతం, ఆఖరి తేదీ దాటాక 15 రోజుల్లో 80, నెలలోపు 50, తర్వాత సున్నా. మొత్తం వెనక్కి వచ్చేచోట ఐదు శాతం, అదీ ఐదు వేలకు మించకుండా, ఖర్చుల కింద పట్టుకోవచ్చు. దరఖాస్తు చేసిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తు నోటితో చెప్పకు. మెయిల్ చెయ్యి, చేతికిచ్చి, అందినట్టు తేదీతో ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకో. 'ఛైర్మన్ గారు ఊళ్ళో లేరు' అని వారం లాగుతారు, ఆ వారంలోనే 90 కాస్తా 80 అవుతుంది. మిగిలిన మూడేళ్ళ ఫీజు కడితేనే టీసీ అంటే అది బెదిరింపు, అంతకుమించి ఏమీ కాదు.

లోపల చదువుతుండగా వచ్చే చిక్కుల్లో హాజరు ముఖ్యం. జేఎన్టీయూహెచ్‌లో 75 శాతం ఉండాలి, 65కి పైన ఉంటే కారణం చూపి, తగ్గిన హాజరును మన్నించే కండోనేషన్ ఫీజు కట్టుకోవచ్చు, 65 కిందకు పోతే డిటెన్షన్, అంటే పరీక్ష రాయనివ్వరు. ఫీజు కట్టలేదని హాజరు కోయడం కొన్నిచోట్ల అలవాటు. పోర్టల్‌లో హాజరు ప్రతి నెలాఖరున స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. కాలేజీ వేసే ఇంటర్నల్స్‌కు 40 మార్కులు, మిడ్ పేపరు దిద్ది చూపించినప్పుడు ఫోటో తీసుకో, ఆ 40 కాలేజీ చేతిలోనే ఉంటాయి మరి.

ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే వరుస తప్పకు. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అది 15 పని దినాల్లో తేల్చాలి. నచ్చకపోతే 15 రోజుల్లో, యూనివర్సిటీలో ఫిర్యాదుల అప్పీళ్ళు వినే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు, ఆయనకు 30 రోజులు. సర్టిఫికెట్లు ఇవ్వకపోవడం, ఎక్కువ ఫీజు, స్కాలర్‌షిప్ ఆలస్యం, రిఫండ్ ఎగ్గొట్టడం, ప్రాస్పెక్టస్‌లో అబద్ధాలు అన్నీ వీటి పరిధిలోవే. కమిటీయే లేదంటారా, ఆ మాటే మొదటి ఫిర్యాదు అవుతుంది. యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో పెట్టి ఆ నంబరు రాసుకో. ఎక్కువ ఫీజు గొడవైతే దీంతోపాటు ఫీజుల కమిటీకి కూడా కాపీ పంపు.

రాసేటప్పుడు ఒక ఉత్తరంలో ఒకే సమస్య ఉండాలి. పేరు, హాల్‌టికెట్ నంబరు, ఏ తేదీన ఏం జరిగింది, నీకు ఏం కావాలి, జతచేసిన కాగితాల జాబితా. ఒక పేజీ దాటకూడదు. 'దోపిడీ', 'మాఫియా' లాంటి మాటలు రాయకు, అవి చదివే గుమాస్తాకు నీ ఫిర్యాదు పక్కన పెట్టడానికి సాకు ఇస్తాయి. సంతకం లేని ఫిర్యాదును ఎవరూ పట్టించుకోరు. ఇంటర్నల్స్ భయం ఉంటే నాన్న పేరుతో ఇవ్వు, లేదా పదిమంది కలిసి ఇవ్వండి. కాలేజీ తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపు, రసీదు, డెలివరీ ట్రాకింగ్ ప్రింటు రెండూ దాచు. విద్యార్థి సంఘాలు గేటు దగ్గర గొంతెత్తితే పని కదిలే మాట నిజమే. కానీ కొన్నిసార్లు ఆ గొంతు ఛైర్మన్ గదిలో చల్లబడుతుంది, నీ కాగితం మాత్రం నీ దగ్గరే ఉండాలి.

ప్రైవేటు కాలేజీని నేరుగా ఆర్టీఐ అడిగితే మాకు వర్తించదంటారు. యూనివర్సిటీని అడుగు, అది కాలేజీకి పంపే నిజ నిర్ధారణ కమిటీ తనిఖీ నివేదిక, అధ్యాపకుల జాబితా వాళ్ళ దగ్గర ఉంటాయి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ఏఐసీటీఈ లెక్కన 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఆ జాబితాలో పేర్లు నీ క్లాసులో కనిపించే ముఖాలతో సరిపోతాయా చూడు.

ఆఖరికి హైకోర్టు ఉంది. రిట్ వెయ్యడానికి ఈ కాగితాలన్నీ కావాలి, అందుకే మొదటి రోజు నుంచీ దాచమంటున్నాను. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. వినియోగదారుల కమిషన్‌కు పరిగెత్తకు, కాలేజీ చదువు 'సేవ' కాదని 2012లో సుప్రీంకోర్టు అన్న మాట చూపించి కొట్టేస్తారు.

రిపోర్టింగుకు వెళ్ళే ముందు అలాట్‌మెంట్ ఆర్డరు ఫోటో నాకు వాట్సాప్‌లో పెట్టు. అందులో ఫీజు జీవోతో సరిచూసి చెబుతాను. రెండు జిరాక్సు సెట్లు, ఒక తెల్ల కాగితాల పుస్తకం, స్టాంపు ప్యాడు పట్టుకెళ్ళు, వాళ్ళ దగ్గర ఇంకు అయిపోయిందంటారు.

ఇట్లు
పెదనాన్న