రేకుల షెడ్డుకు గుంటలు తవ్వించే ముందు

చిన్నోడా,

గేదెలకి రేకుల షెడ్డు వేస్తున్నావని, మేస్త్రీ అడుగున్నర గుంట చాలన్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలదురా. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నవాణ్ణే. ఆరు పైపులు, నాలుగు రేకులు, దీనికీ పునాదేంటని మోకాలి లోతు గుంటల్లో పైపులు దించి కాంక్రీటు పోయించా. ఆ మే నెలలో గాలిదుమారం రేకుల కిందకి దూరింది. పొద్దున్నే వెళ్లి చూస్తే రెండు పైపులు అడుగున కాంక్రీటు ముద్దతో సహా, వేరుశనగ మొక్క పీకినట్టు లేచొచ్చి పడున్నాయి. ఇలాంటి షెడ్డు కుంగుతుందని కాదు, లేస్తుందని భయపడాలి. దాన్ని పట్టి ఉంచేది ఆ ముద్ద బరువు, ముద్ద మీద కూరిన మట్టి బరువూ.

పైగా మనది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఎండాకాలం చేలో పగులు చూసి కందికట్టె దూర్చు, ఎంత దిగుతుందో తెలుస్తుంది. పునాది అడుగు అంతకన్నా కిందుండాలి. ఐదడుగులు తవ్వించు, అడుగున రెండున్నర అడుగుల చదరం. వదులు మట్టి గీకించి, అర అడుగు గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించు. దానిమీద 3 అంగుళాల బెడ్డు, అంటే ఊచల్లేని పల్చటి కాంక్రీటు పొర, ఆపైన 10 ఎంఎం ఊచల జాలీ. జాలీ బెడ్డుకి ఆనకుండా కింద 2 అంగుళాల కవర్ బ్లాకులు, అదే సిమెంటు బిళ్లలు, పెట్టించు. ఇటుక ముక్కలు పెడతామంటారు, ఒప్పుకోకు. గుంట పూడ్చేటప్పుడు తవ్విన నల్లమట్టి మళ్లీ వేయొద్దు, గ్రావెలే కూరించు.

జాలీ ఉన్న వెడల్పు పాదానికీ, దానిమీద లేపే సన్నటి దిమ్మెకీ కలిపి గుంటకి సుమారు 10 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది. ఆరు గుంటలకీ, బెడ్డుతో కలిపి, 16 బస్తాల సిమెంటు తెప్పించు. ఒకపాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు 20 ఎంఎం కంకర. గమేళాల లెక్క వద్దు, పెట్టెతో కొలిపించు. ఇసుక చెమ్మగా ఉంటే ఉబ్బి ఉంటుంది, పెట్టె నిండినా సరుకు తక్కువే, కాబట్టి కాస్త ఎక్కువ వేయించు.

నీళ్ల దగ్గర మాత్రం పక్కనే నిలబడు. బస్తాకి 25 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. జారుడుగా ఉంటే కూలీలకి హాయి, నువ్వటు తిరిగితే ఇంకో బక్కెట్టు పడుతుంది. మాల్ కుప్పపోస్తే పులుసులా పారకూడదు, మెల్లగా కుదురుకోవాలి. కలిపిన అరగంటలో పోసేసి ఊచతో మూలమూలా గుచ్చించు. టీ తాగొచ్చేసరికి బిగిసిన మాల్‌లో నీళ్లు కలిపి మళ్లీ తిప్పుతారు. అది పారబోయించు, తిట్టుకుంటే తిట్టుకోనీ.

పైపుని కాంక్రీటులో పాతొద్దు. గేదెల మూత్రానికి నేల మట్టం దగ్గరే తుప్పు పట్టి విరుగుతుంది. దిమ్మెని నేల మీద అర అడుగు లేపి, పైపు అడుగున అతికించిన ప్లేటుని బిగించేందుకు దానిమీద బోల్టులు నాటించు. ప్లైవుడ్ ముక్కకి ప్లేటు కొలతకే బెజ్జాలు కొట్టి అందులో బోల్టులు బిగిస్తే కదలవు.

గోనెసంచులు కప్పి పది రోజులు తడుపు. పైపులు రెండు వారాల తర్వాతే.

ఆదివారం ట్యూబ్ లెవెల్ పట్టుకుని వస్తా. ముగ్గు పోసి, రెండు ఐమూలలూ సమానంగా వచ్చాయో లేదో కొలిచి, గుంటలు తవ్వించి ఉంచు. నేనొచ్చేదాకా కాంక్రీటు మాత్రం పోయించకు.

మీ మావయ్య