షో ఆగిపోతే మీ చదువు వృథా అయినట్టేనా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. బోస్టన్‌లో మీడియా మాస్టర్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. అమెరికాలో రాత్రిపూట వార్తల మీద జోకులతో, అతిథులతో నడిచే లేట్ నైట్ టీవీ షోలకు రాసే రచయితల బృందంలో చేరాలన్నది నా కోరిక. వాటిలో ఒకటైన స్టీఫెన్ కోల్‌బేర్ ‘లేట్ షో’ ఆపేస్తున్నారని తెలిసినప్పటి నుంచి దేని మీదా మనసు నిలవడం లేదు. ఇదే ఏడాది నాన్నగారు బ్యాంకు నుంచి రిటైరయ్యారు. ఇల్లు అమ్మేసి హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతున్నారు. కంప్యూటర్ సైన్స్‌లో మరో ఎంఎస్ చేయమని స్నేహితులు, వచ్చేయమని అమ్మ. ఏం చేయమంటారు మేడం?

జవాబు: మీకు షో పోయింది, చదువు అయిపోతోంది, ఇల్లు చేజారుతోంది. అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి కాబట్టి మూడూ కలిసి ఒకే దెబ్బలా తగులుతున్నాయి. వీటిని విడదీసి చూద్దాం. ముందు షో సంగతి.

2025 జులై 17న న్యూయార్క్‌లోని ఎడ్ సలివన్ థియేటర్‌లో కోల్‌బేర్ తన ప్రేక్షకులకు స్వయంగా ఆ కబురు చెప్పారు. 2026 మే నెలతో సరి, తన స్థానంలో మరొకరు రారు, 1993లో డేవిడ్ లెటర్‌మన్‌తో మొదలైన ‘లేట్ షో’ మొత్తంగా ముగిసిపోతుంది. ఇది కేవలం ఆర్థిక కారణాలతో తీసుకున్న నిర్ణయమని ఆ షో చానల్ సీబీఎస్ చెప్పింది. దానికి మూడు రోజుల ముందే, సీబీఎస్ మాతృసంస్థ పారమౌంట్ ట్రంప్ వేసిన దావాలో 1.6 కోట్ల డాలర్లకు రాజీ చేసుకోవడాన్ని కోల్‌బేర్ ఆ షోలోనే దుయ్యబట్టారు కాబట్టి చాలామందికి ఆ మాట మీద నమ్మకం కలగలేదు. ఆ వాదన ఎటు తేలినా మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. 2023లో జేమ్స్ కోర్డెన్ వెళ్లిపోవడంతో, ‘లేట్ షో’ వెనకే వచ్చే ‘లేట్ లేట్ షో’ ఆగింది. దాని స్థానంలో వచ్చిన కార్యక్రమం 2025లో ముగిసింది. పోటీ చానల్‌లో ఇలాంటిదే అయిన జిమ్మీ ఫాలన్ షో వారానికి అయిదు రాత్రుల నుంచి నాలుగుకు తగ్గింది. సెత్ మేయర్స్ షోకు బ్యాండే లేకుండా పోయింది. అంటే ఈ రంగం కుదించుకుపోతోంది. ‘ఇంకో షో వస్తుందిలే’ అని మిమ్మల్ని ఊరడించడం నాకు ఇష్టం లేదు. అంతవరకు మీ స్నేహితుల భయం సరైనదే.

కానీ ఆ తరువాత కోల్‌బేర్ చేసినది చూడండి. 2025 సెప్టెంబర్‌లో టీవీ రంగానికి ఇచ్చే ఎమ్మీ అవార్డుల వేదిక మీదికి ఆయన తన ఫొటో, రెజ్యూమే పట్టుకుని వచ్చారు. ఎవరైనా ఉద్యోగం ఇస్తారా అని అడిగారు. తనతో పాటు 200 మంది సమర్థులు జూన్ నుంచి ఖాళీగా ఉంటారని చెప్పారు. ఆ రెజ్యూమేను దర్శకుడు స్పీల్‌బర్గ్‌కు చేర్చమని నటుడు హారిసన్ ఫోర్డ్ చేతిలో పెట్టారు. హాలంతా నవ్వింది. నాకు మాత్రం అది నా విద్యార్థులందరికీ చూపించాలనిపించిన దృశ్యం. పని అడగడం నామోషీ అనుకుని, తెలిసినవాళ్లకు కూడా చెప్పకుండా నెలల తరబడి గదిలో కూర్చునే పిల్లలను నేను చాలామందిని చూస్తున్నాను. ఆ రాత్రి ఆయన తన పేరుతో పాటు తన వాళ్ల అవసరాన్నీ దేశమంతా చూస్తుండగా చెప్పుకున్నారు.

ఆయన గతం కూడా మీకు పనికొస్తుంది. పదేళ్ల వయసులో, 1974లో, విమాన ప్రమాదంలో తండ్రినీ ఇద్దరు అన్నలనూ పోగొట్టుకున్నారు. తరువాత తల్లి ఇల్లు మార్చి చార్ల్‌స్టన్ నగరం నడిబొడ్డుకు తీసుకెళ్లారు. కొత్తచోట స్నేహితులు దొరక్క ఆ పిల్లవాడు పుస్తకాల్లో తలదాచుకున్నాడు. పెద్దయ్యాక గంభీరమైన నాటకాలలో నటించాలనుకున్నారు, హాస్యం కాదు. చదువయ్యాక షికాగోలోని సెకండ్ సిటీ హాస్య నాటక సంస్థలో చేరింది ఫోన్లు ఎత్తడానికి, బొమ్మలూ చొక్కాలూ అమ్మడానికి. ఉద్యోగులకు అక్కడ క్లాసులు ఉచితం. ఆయన హాస్యం అలా మొదలైంది. మీరు కోరుకున్న తలుపు మూసి ఉన్నప్పుడు ఆ భవనంలోకి ఇంకెలా వెళ్లవచ్చో ఆలోచించమని చెప్పడానికే ఇదంతా.

మరో లేట్ నైట్ యాంకర్ కోనన్ ఓబ్రయన్ సంగతి ఇంకాస్త దగ్గరగా ఉంటుంది. 2009లో ‘టునైట్ షో’ కోసం న్యూయార్క్ వదిలి, తన బృందంతో సహా లాస్ ఏంజెలస్ తరలివెళ్లారు. ఏడు నెలలు తిరిగేసరికి, 2010 జనవరిలో, చానల్‌తో పేచీ వచ్చి బయటికి వచ్చేశారు. సిబ్బందికి పరిహారం ఇప్పించాకే కదిలారు. సెప్టెంబర్ దాకా టీవీలో కనిపించకూడదని ఒప్పందం. ఆ నెలల్లో ఊరూరా రంగస్థల ప్రదర్శనలిచ్చారు. తరువాత మరో చానల్‌లో 2021 దాకా షో నడిపారు. అయితే పాడ్‌కాస్ట్‌ను 2018లోనే, షో నడుస్తుండగానే మొదలుపెట్టారు. షో అయిపోయేనాటికి అది ఆయన చేతిలో ఉంది.

కాబట్టి మీరు ఇప్పుడు రాయండి. ఈ షోలు కొత్త రచయితలను తీసుకునేటప్పుడు ‘ప్యాకెట్’ అడుగుతాయని మీకు తెలిసే ఉంటుంది: ఆనాటి వార్తల మీద ఒక గుత్తి జోకులు, యాంకర్ బల్ల దగ్గర కూర్చుని చెప్పే ఒకటి రెండు అంశాలు, మళ్లీ మళ్లీ వాడుకోదగ్గ ఒక శీర్షిక. మీ లేఖలో కోరిక ఉంది గానీ ప్యాకెట్ ప్రస్తావన లేదు. దాన్ని తయారు చేయండి. అదే రాత పాడ్‌కాస్ట్‌లకు, యూట్యూబ్ కార్యక్రమాలకు, రేడియోకు, రేపు హైదరాబాద్ వచ్చినా ఓటీటీ రచయితల బృందాలకు చూపించవచ్చు. రచయిత ఉద్యోగం ఒక్కటే కాదు, పరిశోధన, స్క్రిప్ట్ సమన్వయం, రచయితలకు సహాయకురాలి పని, వీటన్నిటికీ దరఖాస్తు పెట్టండి.

ఇక కంప్యూటర్ సైన్స్. ఆ చదువు మీద మీకు ఆసక్తి ఉన్నట్టు లేఖలో ఒక్క వాక్యమూ లేదు. దిగులులో ఉన్నప్పుడు అప్పు చేసి చేరే కోర్సు ఇది కాకూడదు. పైగా ఇందులో ఒక మెలిక ఉంది. ఇప్పటి నిబంధనల ప్రకారం ఒక స్థాయి చదువుకు ఒకసారే పన్నెండు నెలల ఓపీటీ, అంటే విద్యార్థి వీసా మీద చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి. మీడియా డిగ్రీ మీద దాన్ని వాడేసుకుంటే, రెండో మాస్టర్స్ తరువాత మళ్లీ రాదు. అందుకే ఈ వారమే విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి మూడు సంగతులు అడగండి. ఒకటి, మీ ఐ-20లో, అంటే వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చిన పత్రంలో, ఉన్న కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందా అని. డిజిటల్ మీడియా కోర్సులు కొన్ని అందులో ఉన్నాయి, ఉంటే మరో 24 నెలలకు అవకాశం ఉంటుంది. రెండు, ఓపీటీ దరఖాస్తు గడువు. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు మొదలై, తరువాత 60 రోజులకు ముగుస్తుంది. మూడు, ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు కదా, చదువుకు సంబంధించిన, వారానికి కనీసం 20 గంటల జీతం లేని పని ఆ లెక్కలో ఎలా చూస్తారు అని.

ఇల్లు విషయంలో మీ బాధ న్యాయమైనదే, దాన్ని కెరీర్ నిర్ణయంగా మార్చుకోవద్దు. మీ అమ్మగారు వచ్చేయమనడం మీ భవిష్యత్తు మీద తీర్పు కాకపోవచ్చు. ఇల్లు ఖాళీ చేస్తున్న మనిషికి కూతురు పక్కనుంటే బాగుండుననిపిస్తుంది. ‘ఓపీటీ కార్డు వచ్చాక ఫలానా నెలలో వస్తాను, ఇన్ని రోజులు ఉంటాను’ అని ఆమెకు కచ్చితంగా చెప్పండి. మీ గదిలో ఏవి పారేయకూడదో వీడియో కాల్‌లో చూపించి సర్దించండి. నాన్నగారితో విడిగా మాట్లాడండి. దశాబ్దాల పాటు కూర్చున్న సీటు వదిలి వచ్చిన మనిషి ఆయన. పొద్దున్న పదింటికి ఇప్పుడు ఏం చేస్తున్నారని అడగండి. మీకేం అనిపిస్తోందో కూడా దాచకుండా చెప్పండి. మీ దిగులు ఆ ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా అర్థమవుతుంది.

ఓపీటీ నడుస్తున్న ఏడాదిలో ఆరు నెలలు రాసి, పంపించి, తిరస్కరణలు తిన్నాక కూడా కంప్యూటర్ సైన్స్ చదవాలనిపిస్తే, అప్పుడు ఏ కోర్సు, ఏ విశ్వవిద్యాలయం, ఫీజు ఎంత, ఎవరు కడతారు అన్న వివరాలతో మళ్లీ రాయండి. కూర్చుని లెక్క వేద్దాం.