కోర్సుకు డబ్బు కట్టే ముందు

చిరంజీవి కార్తీక్‌కు,

పెద్దమ్మ ఆశీస్సులు. ఊడిన పంటి చోట దవడ ఎముకలో స్క్రూ బిగించి పన్ను కట్టే ఇంప్లాంట్ పని నేర్పుతామని నువ్వు వాట్సాప్‌లో పంపిన కోర్సు బ్రోషర్ చూశాను. శుక్రవారం మొదలై ఆదివారం మధ్యాహ్నానికి అయిపోతుంది. భోజనాలు వాళ్లవే, చివర్లో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ కూడా ఇస్తారట. నువ్వు చెయ్యి పెట్టేది మాత్రం ప్లాస్టిక్ దవడ మీద. ఇంటర్న్‌షిప్ అయి ఇంకా ఏడాది నిండలేదు, తిరుపతిలో సీనియర్ దగ్గర జీతానికి చేస్తున్నావు, డబ్బు మీ నాన్న సర్దుతానంటున్నాడు. కట్టేయమంటావా పెద్దమ్మా అని అడిగావు. ఇప్పుడే వద్దు నాయనా. చిత్తూరులో ఇన్నేళ్లు పళ్ల క్లినిక్ నడిపినదాన్ని కాబట్టి ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగానే రాస్తాను.

ఇంప్లాంట్లంటే నాకు చిన్నచూపేమీ లేదు. ఈ పద్ధతి తెచ్చిన డాక్టర్ బ్రానెమార్క్ స్వీడన్‌లో 1965లో మొదటి పేషెంటుకు టైటానియం స్క్రూలు పెట్టాడు. అంతకుముందు ఏళ్ల తరబడి జంతువుల మీద చూశాడు. మనిషికి పెట్టాక కూడా ఎముక అతుక్కునేదాకా నెలలు ఆగి, అప్పుడే పళ్లు బిగించాడు. స్క్రూ తిప్పడం ఎవరైనా నేర్చుకుంటారు. ఎవరికి పెట్టకూడదో తెలుసుకోవడానికే టైం పడుతుంది. షుగర్ అదుపులో లేని మనిషి, రోజుకో కట్ట బీడీలు కాల్చే మనిషి, ఎముకలు గుల్లబారాయని ఇంజెక్షన్లు వేయించుకుంటున్న అవ్వ, చిగుళ్ల నుంచి చీము కారుతున్నా పట్టించుకోని ఆసామి, వీళ్లంతా నీ దగ్గరికి వస్తారు. కింది దవడలో నరం ఎక్కడ పోతోందో, పై దవడలో సైనస్ ఎంత కిందికి దిగిందో సీబీసీటీలో, అంటే దవడ త్రీడీ స్కాన్‌లో, నీ అంతట నువ్వు చదవగలగాలి. స్కాన్ సెంటర్ రిపోర్టు ఉందిగా అనుకోవద్దు. రేపు పెదవి తిమ్మిరి పోలేదని పేషెంటు వచ్చి నిలదీసేది నిన్నే.

ముందు ఒక పని చెయ్యి. ఒక నెలపాటు నీ కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషీ దేనికి వచ్చారో నోట్‌బుక్‌లో రాసి పెట్టు. నీ నోట్‌బుక్‌లో ఏముంటుందో నేను ఇక్కడి నుంచే చెప్పగలను. పిప్పి పట్టిన దవడ పళ్లు. షుగరుతో పాటు కదిలే పళ్లు. చాక్లెట్లకు నల్లబడ్డ పాలపళ్లు. వక్కాకు, హాన్స్ పొగాకు నమిలీ నమిలీ నోరు సరిగా తెరవలేని రైతులు. బోరు నీళ్లకు పళ్ల మీద గోధుమరంగు చారలు పడి, పెళ్లిచూపుల ముందు కంగారుగా వచ్చే అమ్మాయిలు. నువ్వు తిరుపతిలో ఉన్నావు కాబట్టి యాత్రికులూ ఉంటారు. తెల్లారితే దర్శనం, రాత్రంతా పన్ను నొప్పి. తమిళంలో మాట్లాడేవాళ్లు సగం మంది. నీ చదువు వరుస ఆ నోట్‌బుక్కే చెబుతుంది. ఇంప్లాంట్ అడిగేవాళ్లు అందులో ఎందరుంటారో నువ్వే లెక్కపెట్టుకో.

మొట్టమొదట మత్తు ఇంజెక్షన్ సంగతి. ఇది కాలేజీలోనే వచ్చేసిందని అందరూ అనుకుంటారు. కింది దవడ పన్ను బాగా మండుతూ వచ్చిన మనిషికి బ్లాక్ ఇస్తావు, అంటే ఆ వైపు నరానికే మత్తు. పెదవి మొద్దుబారిందా అంటే బారిందంటాడు. డ్రిల్ మొన తగిలించగానే ఎగిరిపడతాడు. పెదవి మొద్దుబారినంత మాత్రాన లోపలి గుజ్జు మొద్దుబారినట్టు కాదు. డ్రిల్ ఎత్తే ముందు ఆ పన్ను మీద కోల్డ్ స్ప్రే పెట్టి చూడు. చల్లదనం తెలుస్తోందంటే ఇంకా మత్తు పట్టలేదు. అప్పుడు బుగ్గ వైపు నాలుగు శాతం ఆర్టికైన్ మత్తుమందు ఇచ్చి కాసేపు ఆగు. అప్పటికీ తెలుస్తుంటే పంటి పక్కన, దాన్ని ఎముకకు పట్టి ఉంచే లిగమెంట్‌లో ఇవ్వు. ఇక పిల్లల విషయంలో బరువు చూడకుండా సిరంజి పట్టుకోవద్దు. రెండు శాతం లిగ్నోకైన్ మత్తుమందు అంటే ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాములు. పిల్లలకు కిలోకు 4.4 మిల్లీగ్రాములు దాటకూడదు. 15 కిలోల పిల్లకు మూడు మిల్లీలీటర్లు దాటితే దాదాపు అంచుకు వచ్చినట్టే. నొప్పి లేకుండా చేశాడన్న పేరు వస్తే నీకు వేరే బోర్డు అక్కర్లేదు.

తర్వాత రూట్ కెనాల్, అంటే పంటి వేరు లోపలి సన్నని కాలువలు శుభ్రం చేసి మూసే పని. నువ్వు ఇప్పుడు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. కాలువలు గీకే సన్నని ఫైలును వంగే నికెల్ టైటానియంతో తయారు చేయొచ్చని వాలియా అనే పరిశోధకుడి బృందం 1988లో చూపించాక వంకర కాలువలు కూడా లొంగాయి. ఇప్పుడు మోటారుకు బిగించి తిప్పితే ఎక్స్‌రేలో ముచ్చటగా కనిపిస్తుంది. కానీ ఫైలు చేసేది దారి వెయ్యడమే, సూక్ష్మజీవుల్ని చంపేది కాలువ కడిగే హైపోక్లోరైటు ద్రావణం. కడగడానికి పక్కన రంధ్రం ఉండే సూది వాడు. కాలువ చివరికి రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆపు. సూది ఎక్కడా బిగుసుకోకూడదు, లోపల కదులుతూనే ఉండాలి. పై దవడలో నమిలే పెద్ద పళ్లలో మొదటిదాంట్లో, అదే మోలార్‌లో, మూడు కాలువలు దొరకగానే సంబరపడిపోకు. ముందు బుగ్గ వైపు వేరులో రెండో కాలువ సగం మందికి పైగానే ఉంటుంది. అది కంటికి దొరకాలంటే లూప్స్ కావాలి, కళ్లద్దాలకు బిగించే భూతద్దాలు.

పని చేసే పన్ను మాత్రమే బయటికి ఉండేలా నోటికి అడ్డంగా కట్టే రబ్బరు షీటు, అదే రబ్బర్ డ్యామ్‌ను, బార్నమ్ అనే డెంటిస్టు 1864లోనే వాడాడు. ఇప్పటికీ మన ఊళ్లలో ఎన్ని క్లినిక్కుల్లో కడుతున్నారో నీకే తెలుసు. "ఊపిరాడదు సార్" అంటారు పేషెంట్లు. ముక్కుతో పీల్చుకోమని ముందే ఒకసారి చేయించి చూపిస్తే సర్దుకుంటారు. ముందు పంటికి ఫిల్లింగ్ చేసేటప్పుడు పంటి రంగుకు సరిపోయే షేడ్ మాత్రం డ్యామ్ కట్టక ముందే చూసుకో. పన్ను తడారితే తెల్లబడుతుంది. డ్యామ్ కట్టాక చూసి వేసిన ఫిల్లింగ్ మర్నాటికి ఎబ్బెట్టుగా కనబడుతుంది.

నీ కాలేజీ నోట్స్ కొన్ని పాతబడ్డాయి. చిగుళ్ల జబ్బుకు స్టేజీలు, గ్రేడ్లు పెట్టి కొత్త వర్గీకరణ 2018లో వచ్చింది. షుగర్, పొగాకు అందులో నేరుగా లెక్కలోకి వస్తాయి. మన పేషెంట్లకు అచ్చంగా సరిపోయే పద్ధతి, కూర్చుని చదువు. పిల్లల పళ్లకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే పూత మందు వాడటం నేర్చుకో. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. డ్రిల్ లేదు, ఇంజెక్షన్ లేదు, పిప్పి ఆగిపోతుంది. కాకపోతే పిప్పి ఉన్నచోట నల్లగా అవుతుంది. ఆ నలుపు ఫోటో వాళ్లమ్మకు ముందే చూపించి, ఒప్పుకున్నాకే పుయ్యి. ముందు చెబితే వైద్యం, తర్వాత చెబితే సాకు. అలాగే పెద్దవాళ్ల పళ్లలో గుజ్జు కాస్త బయటపడగానే రూట్ కెనాల్ అనకుండా, ఎంటీఏ లాంటి సిమెంట్లతో గుజ్జును బతికించే పద్ధతులు బాగా ముందుకు వచ్చాయి. కేసు ఎంచుకోవడం తెలిస్తే పేషెంటుకు పన్నూ డబ్బూ రెండూ మిగులుతాయి.

యాంటీబయాటిక్ సంగతి కూడా చెప్పాలి. మెడికల్ షాపులో అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ కొని మింగి వచ్చేవాళ్లే ఎక్కువ. వాపు, జ్వరం లేని పన్ను నొప్పికి అవి పనిచేయవు. పన్ను తెరవాలి, లేదా తీయాలి. రాసివ్వకపోతే డాక్టరుకు ఏమీ తెలియదంటారేమో అన్న భయంతో మాత్రం రాయకు.

నోటి స్కానర్లు, పళ్లను సరిచేసే పారదర్శక అలైనర్లు, ఎక్స్‌రే చదివే ఏఐ అంటూ నీకు ఆశగా ఉంటుందని తెలుసు. ఈ దారి ఇవాళ్టిది కాదు, జ్యూరిచ్‌లో 1985లోనే కుర్చీ పక్కనే కెమెరాతో కొలత తీసుకుని, అప్పటికప్పుడు ఫిల్లింగ్ చెక్కి పెట్టారు. ఇప్పుడు స్కానర్ చాలా బాగుంది, అచ్చు పెట్టగానే వాంతికొచ్చే పేషెంట్లకు పెద్ద ఉపశమనం. కానీ అది కనబడిందే చూస్తుంది. చిగురు కింద రక్తం కారుతుంటే క్యాప్ అంచు స్కానర్‌కూ కనబడదు. నీ చెక్కుడు శుభ్రంగా ఉంటేనే దానివల్ల లాభం. ఈఎంఐ పెట్టి ఇప్పుడే కొనొద్దు, స్కానర్ ఉన్న ల్యాబుతో మాట్లాడుకో. అలైనర్ ప్లాన్ కంపెనీ కంప్యూటర్‌లో వేసి పంపినా, పళ్లు వదులైతే జవాబు చెప్పాల్సింది నువ్వు. వంకర పళ్లు సరిచేసే ఆర్థో చదివినవాళ్లు పక్కన లేకుండా మొదలుపెట్టకు. ఏఐని రెండో కన్నుగా వాడుకో. అది గీత గీసిందని మాత్రం మంచి పన్నును తొలవకు.

మరి కోర్సు ఎలా ఎంచుకోవాలి అంటావు. స్పాన్సర్ ఎవరో చూడు. ఏ కంపెనీ స్క్రూలు అమ్ముతుందో ఆ కంపెనీయే పాఠం చెబితే, స్క్రూ వద్దు అనే పాఠం అందులో ఉండదు. చెప్పే మాస్టారును, "సార్, మీవి చెడిపోయిన కేసులు చూపిస్తారా" అని అడుగు. నవ్వి దాటేస్తే డబ్బు కట్టకు. అన్నిటికంటే ముఖ్యం, కోర్సు అయ్యాక నీ సొంత పేషెంటు కేసు చూసి తప్పొప్పులు చెబుతారా లేదా కనుక్కో. చెప్పేవాళ్ల దగ్గర ఫీజు ఎక్కువైనా ఫరవాలేదు. డెంటల్ కౌన్సిల్ అడిగే సీడీఈ పాయింట్లు, అంటే డిగ్రీ తర్వాత చదువుకు ఇచ్చే పాయింట్లు, ఎలాగూ కావాలి, సర్టిఫికెట్లు ఒక ఫైల్లో దాచుకో. ఏసీ హాల్లో నిద్రపోయినా పాయింట్లు వస్తాయి కాబట్టి వాటిని చదువు లెక్కలో వెయ్యకు.

నేను చూసినంతలో మంచి డాక్టర్లను తయారుచేసింది వాళ్ల సొంత పేషెంట్లే. ఫిల్లింగ్ చేసిన రోజు ఫోటో తియ్యి. రూట్ కెనాల్ చేసినవాళ్లను ఆరు నెలలకు, ఏడాదికి పిలిచి ఎక్స్‌రే తియ్యి, దానికి డబ్బు తీసుకోకు. వేరు చివర ఉన్న నల్లటి మచ్చ తగ్గిందా, పెరిగిందా నీ కళ్లతో చూసుకో. నొప్పి లేదని పేషెంటు సంతోషంగానే ఉంటాడు, మచ్చ మాత్రం పెరుగుతూ ఉండొచ్చు.

నోరు తెరిచిన ప్రతి మనిషికీ నాలుక పక్కలు, బుగ్గల లోపలి భాగం చూడు. మూడు వేళ్లు పట్టేంత నోరు తెరుచుకుంటోందా చూడు. రెండు వారాలకు మానని పుండు ఉంటే మందు పూసి పంపకు, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో వేలూరు సీఎంసీకో చీటీ రాసి పంపు. వెళ్లాడా లేదా ఫోన్ చేసి కనుక్కో.

ఇక పళ్ల డాక్టర్ల పీజీ, ఎండీఎస్ సంగతి. తొమ్మిది శాఖల్లో ఏదో ఒకటి రావాలి కదా అని చదవకు. సర్జరీ మీదో ఆర్థో మీదో నిజంగా మనసుంటే నీట్‌కు కూర్చో, మూడేళ్లు పోయినా నష్టం లేదు. మనసు లేకపోతే మంచి జనరల్ డెంటిస్టుగా ఉండు, మన ఊళ్లకు వాళ్లే తక్కువ.

నాన్న ఇస్తానన్న డబ్బులో ముందు లూప్స్ కొనుక్కో. నీ కళ్ల దూరం, కూర్చునే ఎత్తు కొలిపించి చేయించుకో, రెడీమేడ్ వద్దు. మిగిలింది రూట్ కెనాల్ చేతులతో చేయించి నేర్పే ఎండో హ్యాండ్స్-ఆన్ కోర్సుకు పెట్టు. ఇంప్లాంట్లు రెండేళ్లాగి నేర్చుకో, అదీ నీ పేషెంటును వెంట తీసుకుపోనిచ్చే కోర్సులోనే. వచ్చే ఆదివారం చిత్తూరు రా. నువ్వు చేసిన రూట్ కెనాల్ ఎక్స్‌రేలు తీసుకురా, బాగా వచ్చినవి ఇంట్లో పెట్టి తక్కినవి తీసుకురా. భోజనం ఇక్కడే అని అమ్మకు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ