క్యాంపర్ వ్యాన్ యాత్రకు అసలు పరీక్ష బండి అప్పగించే రోజే

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో అమ్మానాన్నలను, పిల్లలను వెంటబెట్టుకుని క్యాంపర్ వ్యాన్‌లో, అంటే పడకలు, పొయ్యి, మరుగుదొడ్డి ఉన్న అద్దె బండిలో తిరగవచ్చా, హోటళ్ళకంటే అది చవకగా పడుతుందా అని అడిగారు. తిరగవచ్చు, కానీ చవక కాదు. అయితే ఈ రెండింటికంటే ముందు ఇంట్లో తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. బండి తిరిగి అప్పగించే రోజున ఎవరు ఏ పని చేస్తారన్నది బయలుదేరే ముందే నిర్ణయించుకోలేని కుటుంబం కారూ హోటలూ చూసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

మేము ఆక్లాండ్‌లో ఉంటాము. నెల్లూరు నుంచి మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు, మా వారు, నేను, మా అబ్బాయి వారితో కలిసి దక్షిణ దీవిలోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో ఆరుగురు పడుకోగల బండి తీసుకున్నాము. చివరి రాత్రి టెకపో సరస్సు దగ్గరే గడపాలని మా వారు పట్టుబట్టారు. ఆ ప్రాంతానికి చీకటి ఆకాశాన్ని కాపాడే ప్రదేశంగా 2012లో అంతర్జాతీయ గుర్తింపు లభించింది. 1935లో సరస్సు ఒడ్డున కట్టిన రాతి చర్చి మీదుగా పాలపుంతను ఫోటో తీయడానికి జనం అర్ధరాత్రి దాకా చలిలో నిలబడతారు. నక్షత్రాల గురించి నాకే ఫిర్యాదూ లేదు. కానీ అక్కడి నుంచి క్రైస్ట్‌చర్చ్‌కు దాదాపు 230 కిలోమీటర్లు, బండి మధ్యాహ్నం మూడింటిలోగా అప్పగించాలి, అప్పగించే ముందు మురుగునీటి ట్యాంకు, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసి కడగాలి, డీజిల్ నింపాలి, దుప్పట్లు మడవాలి, నేల ఊడవాలి. ఈ పనులన్నీ ఆ ఫోటోల కింద ఎవరూ రాయరు.

మర్నాడు జెరల్డీన్ అనే ఊరు దాటి కాంటర్‌బరీ మైదానంలోకి వచ్చేసరికి వాయవ్య గాలి మొదలైంది. పడమటి తీరంలో వానంతా కురిపించి, ఈ దీవిలోని సదరన్ ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇవతలికి వేడిగా, పొడిగా దిగే ఆ గాలి ఎత్తైన బండ్లను పక్కకు నెట్టేస్తుంది. ఈ దేశంలో అతి పొడవైన రోడ్డు వంతెన రకాయా నది మీద ఉంది, సుమారు 1.75 కిలోమీటర్లు. దాని మీద మా వారు రెండు చేతులా స్టీరింగు బిగించి పట్టుకుని నెమ్మదిగా నడుపుతుంటే, వెనక వరుస కట్టిన కార్లవాళ్ళు ఏమనుకున్నారో నాకు తెలుసు.

ఆ ఆలస్యం మధ్యలోనే, దారిలో ఒక చిన్న ఊళ్ళో బండ్ల మురుగు పారబోసే చోట ఆగాము. మరుగుదొడ్డి ట్యాంకు బండి పక్కనున్న చిన్న తలుపులోంచి పెట్టెలా బయటికి వస్తుంది, నిండితే ఇరవై కిలోల దాకా బరువుంటుంది. మా వారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు మాత్రం పైజామా మోకాళ్ళదాకా మడిచి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, సూచనల కాగితం మనవడి చేతికిచ్చి, “ఒక్కో వాక్యం చదువు నాన్నా, నేను చేస్తాను” అన్నారు. పోసేటప్పుడు గాలి మీట నొక్కి పట్టుకోకపోతే చిందుతుందని వాడు చదివాడు, ఆయన నొక్కారు, ఒక్క చుక్క చిందలేదు. ఆ తరువాత ఆయన, “అల్లుడుగారూ, ఆ నీళ్ళ గొట్టం ఇటు అందిస్తారా?” అని ఎంతో మర్యాదగా అడిగేసరికి మా వారు జేబురుమాలు జేబులో పెట్టుకోక తప్పలేదు.

అమ్మకు ఈ బండి మొదటి నుంచీ నచ్చలేదు. పొయ్యికీ మరుగుదొడ్డి తలుపుకూ మధ్య రెండడుగులు కూడా లేని చోట అన్నం వండనని తేల్చి చెప్పి, ఇలాంటి బండ్లు రాత్రి ఆగే హాలిడే పార్కుల్లోని వంటగదుల్లోనే వండేది. అయినా తెల్లటి భోజనబల్ల మీద పులిహోర పసుపు అంటుకుంది, దానికి శుభ్రం చేసే రుసుము వేస్తారని నాకు భయం. ఆ బల్ల ఊడి వస్తుంది కాబట్టి అమ్మ దాన్ని ఆగిన చోటల్లా ఎండలో నిలబెట్టింది, నిమ్మకాయకు లొంగని మరక ఎండకు వెలిసిపోయింది.

ఇక ఖర్చు సంగతి. ఇక్కడ డీజిల్ ధరలో రోడ్డు పన్ను కలిసి ఉండదు, దాన్ని తిరిగిన దూరాన్ని బట్టి విడిగా కట్టాలి. 3.5 టన్నుల లోపు బండికి అది 1000 కిలోమీటర్లకు 76 డాలర్లు. అద్దె సంస్థలు మీటరు చూసి ఈ మొత్తాన్ని చివరి రోజున వసూలు చేస్తాయి, పైన తమ సేవా రుసుమూ కలుపుతాయి. అద్దె ఒక్కటే చూసి చవక అని లెక్క వేసుకునేవారు దీన్ని మరిచిపోతారు.

అందుకే చివరి రాత్రి క్రైస్ట్‌చర్చ్‌కు అరగంట దూరంలో, కరెంటు, నీరు, మురుగు పారబోసే వసతి ఉన్న పార్కులోనే బస చేయండి, ట్యాంకుల పని సాయంత్రమే ముగించండి, నక్షత్రాలను అంతకు ముందు రాత్రి చూడండి. మిగిలిన సరుకులు పారేయవద్దు, చాలా పార్కుల వంటగదుల్లో వెనుక వచ్చేవారి కోసం వాటిని వదిలే అలమర ఉంటుంది. టెకపోలో అమ్మ అందులో కందిపప్పు పొట్లం పెట్టి, దాని మీద ఇంగ్లీషులో “మూడు విజిళ్ళు” అని నా చేత రాయించింది. కుక్కరే లేనివాళ్ళకు విజిళ్ళ లెక్క ఎందుకని నాన్నగారు క్రైస్ట్‌చర్చ్ చేరేదాకా ఆమెతో వాదిస్తూనే ఉన్నారు.