కృత్రిమ మేధ అనగానే తిరగబడే మరమనిషే ఎందుకు గుర్తొస్తాడు?

కృత్రిమ మేధ కంటే ముందే దాని కథ పుట్టింది కాబట్టి. కథకు పాత్ర కావాలి. పాత్రకు ముఖం, గొంతు, కోరిక, ఎవరితోనైనా తగువు కావాలి. లెక్కలు వేసే ప్రోగ్రాంను చూపించి ప్రేక్షకుణ్ణి రెండు గంటలు కూర్చోబెట్టడం కష్టం. అందుకే రచయితలు దానికి మనిషి ఒళ్లు తొడిగారు.

'రోబో' అనే మాటనే తీసుకోండి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920 నాటి 'ఆర్.యు.ఆర్.' నాటకంతో అది ప్రపంచానికి పరిచయమైంది. చెక్ భాషలో 'రోబోటా' అంటే వెట్టిచాకిరీ. నాటకంలో రోబోలు యజమానులపై తిరగబడి మానవజాతిని దాదాపు తుడిచిపెడతాయి. పరిశోధకులు 'కృత్రిమ మేధ' అన్న పేరు పెట్టింది 1955లో. అంటే తిరుగుబాటు కథ 35 ఏళ్లు ముందుంది. విచిత్రమేమిటంటే, చాపెక్ రోబోలు అసలు ఇనుప యంత్రాలు కావు, కృత్రిమ జీవపదార్థంతో చేసినవి.

ఇలాంటి కథలను జోస్యంగా చదవడమే చాలామంది చేసే పొరపాటు. మనిషిని పనిముట్టుగా మార్చే ధోరణిపై చాపెక్ విసిరిన విమర్శ అది. అనువాదం చేసే, చెత్త మెయిళ్లు ఏరివేసే నేటి కృత్రిమ మేధకు ఒళ్లూ లేదు, పగా లేదు. లోపమున్న సమాచారంతో నేర్చుకుని, తప్పును ధీమాగా చెప్పడం దానివల్ల నిజంగా ఎదురయ్యే చిక్కుల్లో ఒకటి. అది తెరకెక్కించడానికి అంత రక్తి కట్టదు.