విడాకుల ఒప్పందం: 25 లక్షలా, నెలకు 20 వేలా?

ప్రశ్న: మాది తిరుపతి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 18 వేలు. పరస్పర అంగీకారంతో విడాకులకు వేయబోతున్నాం. ఎనిమిదేళ్ల పాప నా దగ్గరే ఉంటుంది. భరణంగా మా ఆయన ఒకేసారి 25 లక్షలు గానీ, నెలకు 20 వేలు గానీ ఇస్తానంటున్నారు. తిరుచానూరు రోడ్డులో ఇద్దరి పేరా ఉన్న ఫ్లాటు ఆయనే ఉంచుకుని, మిగిలిన 18 లక్షల లోను కడతారట. మా అమ్మవాళ్లు పెట్టిన 30 సవర్ల నగల్లో కొన్ని కుదువలో ఉన్నాయి. ఏది ఒప్పుకోవాలి?

జవాబు: భరణం కంటే ముందు ఆ ఫ్లాటు సంగతి తేల్చుకోండి. ‘లోను ఆయనే కడతారు’ అని ఒప్పందంలో రాసుకున్నా, అది కోర్టు డిక్రీలోకి (తీర్పులోకి) ఎక్కినా బ్యాంకుకు సంబంధం లేదు. లోను కాగితాల మీద మీ సంతకం ఉన్నంత కాలం ఆయన ఈఎంఐ ఎగ్గొడితే నోటీసు మీకూ వస్తుంది, మీ సిబిల్ స్కోరూ పడిపోతుంది. రేపు పాప చదువుకు లోను అడిగితే అదే అడ్డం. కాబట్టి మిమ్మల్ని లోను నుంచి తప్పించినట్టు బ్యాంకు లెటర్ ఇవ్వాలి, లేదా ఆయన తన ఒక్కరి పేర లోను వేరే బ్యాంకుకు మార్చుకోవాలి. ఆ తర్వాతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ వాటా వదులుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇల్లు ముందే రాసిచ్చేస్తారు, అప్పు మాత్రం నెత్తిన మిగులుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఫ్లాటు ధర 50 లక్షలనుకోండి. లోను పోను 32 లక్షలు, అందులో సగం అంటే 16 లక్షలు మీదే. ఆయన ఇస్తానన్న 25 లక్షల్లో ఇది కలిసే ఉంటే అసలు భరణం 9 లక్షలే! రెండూ వేర్వేరుగా రాయించండి.

ఇక భరణం. 25 లక్షల మీద 7 శాతం వడ్డీ వేసినా నెలకు 14,600 దాటదు. కాగితం మీద 20 వేలే మెరుగు. అయినా నేను ఒకేసారి తీసుకోమనే చెబుతాను. ఆయన ఉద్యోగం పోయినా, మనసు మారినా నెలనెలా డబ్బు కోసం మళ్లీ కోర్టుకు తిరగాల్సింది మీరే. పైగా ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఆ 20 వేల విలువ సగమవుతుంది. ఒకేసారి వచ్చే భరణాన్ని ఆదాయంగా లెక్కించరు. నెలవారీది ఆదాయమే. జీతంతో కలిపి ఏడాదికి 4.56 లక్షలవుతుంది. కొత్త పన్ను విధానంలో జీతం మీద 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 3.81 లక్షలే మిగులుతుంది, 4 లక్షల లోపే కాబట్టి పన్ను పడదు.

పాప ఖర్చు మీ భరణంలో కలపకండి. ‘ఇకపై ఏమీ అడగను’ అని మీరు సంతకం పెట్టినా పాప హక్కు పోదు. స్కూలు ఫీజు, నెల ఖర్చు విడిగా రాయించి, ఏటా ఎంత శాతం పెంచాలో కూడా పెట్టించండి. ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య ఖాతా లేకపోతే పదేళ్లు నిండేలోపే తెరవండి. తండ్రి పేర ఇప్పటికే ఉంటే రెండోది కుదరదు, దాన్ని ఎవరు నడపాలో ఒప్పందంలోనే తేల్చుకోవాలి.

నగలు స్త్రీధనం, అవి పూర్తిగా మీవి. ‘30 సవర్లు’ అని ఊరికే రాస్తే రాళ్ల బరువు దగ్గర పేచీ వస్తుంది. ఒక్కో వస్తువు పేరు, రాళ్లు తీసేసిన బరువు గ్రాముల్లో, ఫొటోతో జాబితా వేయండి. కుదువ రసీదు ఆయన పేర ఉంటే విడిపించాల్సింది ఆయనే. రసీదు నంబరు, గడువు తేదీ రాయించండి.

హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పిటిషన్ వేయడానికి ముందు ఏడాది విడిగా ఉండాలి. వేశాక మామూలుగా ఆరు నెలలకు రెండోసారి హాజరు కావాలి. లెక్కలన్నీ తేలిపోతే ఆ గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోసారి కోర్టులో అంగీకారం చెప్పేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. అందుకే కొంత మొత్తం పిటిషన్ రోజున, మిగతాది రెండో హాజరు రోజున కోర్టులోనే డీడీగా తీసుకోండి. బ్యాంకు లెటరు, నగలు అప్పటికే చేతిలో ఉండాలి.

డబ్బు వచ్చాక బంధువులు ప్లాటు చూపిస్తారు, చీటీ అంటారు. ఏడాది కదపకండి. పోస్టాఫీసు నెలవారీ పథకంలో ఒకరి పేర 9 లక్షల దాకా వేయొచ్చు. 7.4 శాతం లెక్కన నెలకు 5,550 వస్తుంది. మిగతాది వేర్వేరు బ్యాంకుల్లో, వడ్డీతో కలిపి ఒక్కోచోట 5 లక్షలు మించకుండా డిపాజిట్ చేయండి. డిపాజిట్లకు బీమా అంతవరకే. ఆయన ఆఫీసు ఆరోగ్య బీమాలో మీరు ఉంటే, డిక్రీకి ముందే సొంత పాలసీ తీసుకోండి. పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

లాయరు ఫీజు భారమైతే, ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవల ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, సంతకానికి ముందే ముసాయిదా చూపించండి.