గర్ల్స్ స్కూల్లో చదివితే ఆడపిల్లలు బయట బెదిరిపోతారా?

"వచ్చే ఏడాది మా పాపను వైజాగ్‌లో ఒక ప్రైవేటు గర్ల్స్ స్కూల్లో ఆరో తరగతిలో చేర్చాలనుకుంటున్నాం. మగపిల్లలు లేని చోట చదివితే రేపు బయటికెళ్ళాక బెదిరిపోతుందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?" అని అడిగారు.

నేను అలాంటి స్కూల్లోనే ఆరు నుంచి పది దాకా చదివాను. బీచ్‌రోడ్డుకు నడిచి వెళ్ళేంత దూరం. బెదిరిపోవడం కాదు, నాకు ధైర్యం వచ్చిందే అక్కడ. ఎలాగో చెప్పాలంటే హుద్‌హుద్ తుపాను దగ్గరికి వెళ్ళాలి.

2014 అక్టోబరు 12, ఆదివారం. నేను తొమ్మిదో తరగతి. తెల్లారకముందు నుంచే గాలి హోరు. మధ్యాహ్నం అయ్యేసరికి ఒక్కసారిగా ఆగిపోయింది. తుపాను వెళ్ళిపోయిందనుకొని మా వీధిలో అందరూ బయటికొచ్చి పలకరించుకుంటున్నారు. తుపాను కన్ను, అంటే గాలి లేకుండా నిశ్శబ్దంగా ఉండే దాని నడిమి భాగం, మా నెత్తి మీదే ఉందని ఎవరికీ తెలీదు. కాసేపటికి మళ్ళీ మొదలైంది, ఈసారి ఎదుటి వైపు నుంచి. మా మేడ మీది నీళ్ళ ట్యాంకు ఎగిరిపోయింది అప్పుడే. తర్వాత కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టు 50 రూపాయలకు కొన్నాం. వైజాగ్ వాళ్ళకు ఇదంతా మళ్ళీ చెప్పక్కర్లేదు.

పది రోజులు దాటాక బడి తెరిచారు. గేటు దాటగానే కాళ్ళు ఆగిపోయాయి. నిద్రగన్నేరులు, తురాయి చెట్లు వేళ్ళతో సహా లేచి పడున్నాయి. ఎప్పుడూ నీడగా ఉండే అసెంబ్లీ గ్రౌండులో ఎండ పరుచుకొని ఉంది. చాలామందిమి ఏడ్చేశాం.

మా సోషల్ మేడమ్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పీటీ రూము నుంచి కొలిచే టేపు, ల్యాబ్ నుంచి రెండు దిక్సూచిలు తెప్పించి, "ఏ చెట్టు ఎటు పడిందో రాసుకురండమ్మా. కొమ్మలు కొట్టేసుంటే వేళ్ళు ఎటు లేచాయో చూడండి" అన్నారు. నలభై మందిమి చున్నీలు నడుముకు బిగించి బయల్దేరాం. మానుల మీదికి ఎక్కాం, బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఇద్దరు టేపు పట్టుకుంటే ఒకరు దిక్కు చూసేవాళ్ళు, ఒకరు రాసేవాళ్ళు. మధ్యాహ్నానికి డ్రాయింగు షీటు మీద మొత్తం ఆవరణ పటం వచ్చేసింది. 23 చెట్లు. ఎనిమిది నైరుతి వైపు పడ్డాయి, పన్నెండు ఈశాన్యం వైపు. మిగతా మూడు గోడలకు తగిలి అడ్డదిడ్డంగా ఉన్నాయి.

ఒకే తుపాను చెట్లను రెండు ఎదురెదురు దిక్కులకు ఎలా పడేసింది? ఫస్టు ర్యాంకు వాళ్ళకు కూడా తోచలేదు.

అప్పుడు లేచింది జాలారిపేట నుంచి వచ్చే అమ్మాయి. క్లాసులో నోరు విప్పేది కాదు. కారణం మాకందరికీ తెలుసు. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఐదు రూపాయల ఫైను. నాకు ఇప్పటికీ ఆ నియమం తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అన్నీ తెలిసిన పిల్లను మూడేళ్ళు మూగదాన్ని చేశారు. ఇంగ్లిష్ రావాలి, నేనూ కాదనను, కానీ తెలుగుకు జరిమానా వేస్తే ఇంగ్లిష్ వస్తుందని ఎవరు చెప్పారు వీళ్ళకు? ఆ రోజు మాత్రం మేడమ్ "తెలుగులోనే చెప్పమ్మా" అన్నారు. గాలి ఆగినప్పుడు వాళ్ళ నాన్న ఎవరినీ గడప దాటనివ్వలేదట. "ఇందాక భీమిలి వైపు నుంచి కొట్టింది కదా, ఇప్పుడు గాజువాక వైపు నుంచి కొడుతుంది, అటు తలుపుకు బరువు పెట్టండి" అన్నాడట. భీమిలి మాకు ఈశాన్యాన, గాజువాక నైరుతిన ఉంటాయి. పడవ మీద బతికే మనిషి, కన్ను గురించి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మేడమ్ బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీశారు. మన ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుపాను సముద్రం మీద నుంచి మన వైపు వస్తున్నంతసేపు గాలి ఈశాన్యం నుంచి, కన్ను మనల్ని దాటాక నైరుతి నుంచి. పటంలోని చెట్లన్నీ ఆ బాణాల్లో సరిగ్గా కూర్చున్నాయి. రెండో విడతలో ఎందుకు ఎక్కువ పడ్డాయని చివరి బెల్లు దాకా వాదించుకున్నాం. వానకు మన్ను నాని, మొదటి గాలికే వేళ్ళు వదులయ్యాయని నా వాదన. ఇప్పటికీ అదే అంటాను.

అదే మా క్లాసులో ఇరవై మంది మగపిల్లలుంటే చెట్లెక్కేది వాళ్ళు, టేపు పట్టేది వాళ్ళు. మాకు "నీట్‌గా రాయండి" అని కాగితాలు ఇచ్చేవాళ్ళు. ఊహించి చెప్పడం లేదు, తర్వాత నేను చూసిందే. బీటెక్ సివిల్లో సర్వే ల్యాబ్ మొదటి రోజే మగపిల్లలు ట్రైపాడ్ నిలబెట్టి, నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మెషీన్ బిగించి, కొలతలు రాసే ఫీల్డ్ బుక్ మా చేతిలో పెట్టారు, మీ హ్యాండ్‌రైటింగ్ బాగుంటుంది కదా అని. కో-ఎడ్‌లో చదివొచ్చిన నా స్నేహితులు తీసుకున్నారు. వాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు, అయినా తీసుకున్నారు. నేను "ఇవాళ మెషీన్ నేను పెడతాను" అన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అడగాలని తోచడమే కావాల్సింది, అది నాకు తొమ్మిదో తరగతిలోనే అలవాటైంది. మా స్కూల్లో బెంచీలు మోసింది మేమే, స్పోర్ట్స్ డేకి గ్రౌండులో సున్నం గీతలు వేసింది మేమే.

మీ అత్తగారి భయంలో నిజం అసలు లేదనను. ఇంటర్లో మొదటి రెండు నెలలు అబ్బాయిలతో మాట్లాడాలంటే నాకు టెన్షన్‌గా ఉండేది. దసరా సెలవులు వచ్చేలోపు పోయింది. ఇప్పుడు సైట్లో రోజూ యాభై మంది మేస్త్రీలు, కూలీలతో పని చేయిస్తున్నాను.

ఒకటి మాత్రం చూసుకోండి. పేరుకు గర్ల్స్ స్కూలై, లోపల ఉదయం నుంచి సాయంత్రం దాకా బిట్లు బట్టీ పట్టించేవి ఊళ్ళో చాలా ఉన్నాయి. అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కూర్చొని రాకండి. ల్యాబ్ చూపించమనండి. సీసాల మీద దుమ్ము ఉందా, బల్లల మీద యాసిడ్ మరకలు ఉన్నాయా చూడండి. మరకలుంటే చేర్చేయండి.